అహ్మదాబాదు వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక

అహ్మదాబాదు వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక గుజరాత్ రాష్ట్రంలోని అహ్మదాబాదు నగరపాలక సంస్థ 2013లో అమలులోకి తెచ్చిన ప్రజారోగ్య రక్షణ పథకం. తీవ్రమైన ఎండల వలన కలిగే అనారోగ్యాన్ని, మరణాలను తగ్గించడం దీని ముఖ్యోద్దేశం. దక్షిణాసియాలో ఒక నగరం ఇటువంటి ప్రణాళికను రూపొందించుకోవడం ఇదే ప్రథమం. మారుతున్న శీతోష్ణస్థితికి తగినట్లు ఒక సమాజం తన జీవన విధానాన్ని ఎట్లా సర్దుబాటు చేసుకోగలదో తెలిపే ఉదాహరణగా దీనిని పేర్కొంటారు.

నేపథ్యం

శీతోష్ణస్థితి మార్పును ఎదుర్కొనే మార్గాలు రెండు. బొగ్గు, చమురు వాడకాన్ని తగ్గించి భూమి మరింత వేడెక్కకుండా చూడడం మొదటిది. ఇప్పటికే వచ్చిన, రాబోతున్న మార్పులను తట్టుకొనేటట్లు సిద్ధపడడం రెండవది. ఈ రెండవదానినే అనుకూలనం అంటారు. ఐక్యరాజ్యసమితి అంతర్ ప్రభుత్వ సంఘం 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2011-2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటికంటే సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉంది. పూర్వం సగటున పదేళ్ళకొకసారి వచ్చే తీవ్రమైన ఎండలు ఇప్పుడు అదే కాలంలో దాదాపు మూడు సార్లు వస్తున్నాయని ఆ నివేదిక అంచనా.

అయితే ముప్పును ఎండ ఒక్కటే నిర్ణయించదు. అందులో మూడు అంశాలు కలిసి ఉంటాయి. అవి ఆపద తీవ్రత, దానికి గురయ్యే ప్రజల సంఖ్య, ఆ ప్రజల తట్టుకొనే శక్తి. 45 డిగ్రీల ఎండ ఊరంతటికీ ఒక్కటే అయినా, చల్లని గదిలో కూర్చున్నవారికీ, రేకుల ఇంట్లో ఉన్న వృద్ధులకూ, తారురోడ్డు వేసే కూలీలకూ దాని ఫలితం ఒక్కటి కాదు. మొదటి అంశాన్ని మార్చడం ఏ ఒక్క నగరానికీ సాధ్యం కాదు. మిగిలిన రెండింటినీ మార్చవచ్చును. అహ్మదాబాదు ప్రణాళికకు ఆధారమైన భావన ఇదే.

శరీరంపై ఎండ ప్రభావం

మనిషి శరీరం తనలోని వేడిని ముఖ్యంగా చెమట ద్వారా పోగొట్టుకుంటుంది. చెమట ఆరినప్పుడే చర్మం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు. శరీరంలోని నీరు, లవణాలు తగ్గినకొద్దీ గుండెపై, మూత్రపిండాలపై భారం పెరుగుతుంది. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడడం, మతి తప్పడం, స్పృహ కోల్పోవడం వంటి లక్షణాలు కనిపిస్తే దానిని వడదెబ్బగా గుర్తిస్తారు. ఇది ప్రాణాపాయ స్థితి. రాత్రి కూడా వేడి తగ్గకపోతే శరీరానికి కోలుకొనే వ్యవధి దొరకదు.

2010 మే నెల

2010 మే 21న అహ్మదాబాదులో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెలలో నగరంలో అన్ని కారణాల వలన 4,462 మరణాలు నమోదయ్యాయి. ముందు, తరువాతి సంవత్సరాల మే నెలలతో పోల్చి చూచిన పరిశోధకులు ఇందులో 1,344 మరణాలు అదనమని తేల్చారు. అనగా సుమారు 43 శాతం ఎక్కువ. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు వంటి పేర్లతో నమోదయ్యే మరణాల వెనుక ఎండ ఉన్నా అది ధ్రువపత్రంలో కనిపించదు. అందువలన వడదెబ్బ మరణాల లెక్క ఒక్కటే చూస్తే అసలు నష్టం తెలియదు.

ప్రణాళికలోని అంశాలు

నగరపాలక సంస్థ గాంధీనగరులోని భారతీయ ప్రజారోగ్య సంస్థ, మరికొన్ని విదేశీ సంస్థల సహకారంతో ఈ ప్రణాళికను తయారుచేసింది. ఇందులోని ముఖ్యాంశాలు:

* ముందస్తు హెచ్చరిక: రానున్న రోజుల ఉష్ణోగ్రతల అంచనాను బట్టి హెచ్చరికలు జారీ చేస్తారు. 41 డిగ్రీలు దాటితే పసుపు, 43 దాటితే నారింజ, 45 చేరితే ఎరుపు రంగు హెచ్చరిక.
* ప్రజలకు అవగాహన: పత్రికలు, గోడపత్రికలు, సెల్‌ఫోను సందేశాల ద్వారా జాగ్రత్తలు తెలియజేస్తారు.
* వైద్య సిబ్బందికి శిక్షణ: వడదెబ్బను త్వరగా గుర్తించి చికిత్స చేయడం నేర్పుతారు.
* తక్షణ సదుపాయాలు: త్రాగునీరు, నీడ, విశ్రాంతి స్థలాలు కల్పిస్తారు.
* చల్లని పైకప్పులు: 2017 నుండి పేదల ఇళ్ళ కప్పులకు సున్నం లేదా తెల్లరంగు వేసే కార్యక్రమం చేర్చారు. తెలుపు ఎండను తిప్పి పంపుతుంది కనుక ఇంటిలోపల వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది.

ఖర్చులేని మార్పులు కూడా ఎంత మేలు చేయగలవో నగరంలోని ఒక ఆసుపత్రి అనుభవం తెలుపుతుంది. అక్కడ ప్రసూతి వార్డు పై అంతస్తులో, ఎండకు కాగే కప్పు క్రింద ఉండేది. దానిని క్రింది అంతస్తుకు మార్చిన తరువాత, వేడి వలన అత్యవసర చికిత్స అవసరమయ్యే నవజాత శిశువుల సంఖ్య తగ్గింది.

ఫలితాలు

2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ ప్రణాళిక వలన సంవత్సరానికి సగటున 1,190 మరణాలు తప్పి ఉండవచ్చునని అంచనా వేసింది. దీనిని ఖచ్చితమైన లెక్కగా కాక ఒక అంచనాగా మాత్రమే గ్రహించవలెను. తరువాతి కాలంలో దేశంలోని అనేక నగరాలు, రాష్ట్రాలు ఇదే పద్ధతిలో ప్రణాళికలు తయారుచేసుకున్నాయి.

తెలుగు రాష్ట్రాలలో

రెంటచింతల, రామగుండం వంటి ఊళ్ళు ఎండలకు పేరుపొందినవి. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండు వేలమందికి పైగా మరణించారు. వీరిలో కూలీలు, వృద్ధులు అధికం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మార్గదర్శకాలు విడుదల చేసింది. ఉభయ రాష్ట్రాలూ తమ ప్రణాళికలు రూపొందించుకున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది.

వేసవిలో చలివేంద్రాలు పెట్టి దారిన పోయేవారికి మంచినీళ్ళు, మజ్జిగ ఇవ్వడం తెలుగునాట పాత ఆచారం. ఇది కూడా అనుకూలనమే. అయితే అహ్మదాబాదు అంకెలను యథాతథంగా ఇక్కడ వాడుకోవడం కుదరదు. కోస్తా జిల్లాలలో గాలిలో తేమ ఎక్కువ కనుక తక్కువ ఉష్ణోగ్రత కూడా ప్రమాదకరమే. భారత వాతావరణ శాఖ సైతం వడగాడ్పులను ప్రకటించడానికి మైదానాలకు 40 డిగ్రీలు, తీరప్రాంతాలకు 37 డిగ్రీలు కనీస ప్రమాణంగా తీసుకుంటుంది. ఆ ఉష్ణోగ్రత అక్కడి సాధారణ స్థాయికంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువగా ఉండవలెను.

పరిమితులు

హెచ్చరిక వినడం వేరు, దానిని పాటించగలగడం వేరు. మధ్యాహ్నం ఇంటిపట్టున ఉండమన్న సలహా రోజుకూలీకి ఆనాటి కూలి వదులుకోమన్న సలహా అవుతుంది. ఇంటి కప్పు రేకులదైతే లోపల కూడా నీడ మాత్రమే ఉంటుంది, చల్లదనం ఉండదు. అందువలన పని వేళలను ఉదయానికి, సాయంత్రానికి మార్చడం, పనిచోట నీరు, నీడ ఏర్పాటు చేయడం, చెట్లను, చెరువులను కాపాడడం, కూలి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వడం వంటివి తోడైనప్పుడే హెచ్చరికలు పూర్తి ప్రయోజనాన్ని ఇస్తాయి. భూమి వేడెక్కడం ఇట్లే కొనసాగితే అనుకూలనానికి కూడా ఒక హద్దు ఉంటుంది. తేమ, వేడి రెండూ మితిమీరిన చోట ఆరోగ్యవంతుని శరీరం సైతం నీడలో కూడా చల్లబడలేదు. కనుక అనుకూలనం కాలుష్య వాయువుల తగ్గింపుకు తోడుగా ఉండవలసినదే గాని దానికి బదులు కాదు.