మఱుగును మెఱుగును

ఛాయాచిత్రములను దిద్దుటకు నేడు కంప్యూటరులలో వాడు సాధనములలో ‘మాస్కు’ అనునది యొకటి కలదు. మార్పు కోరిన భాగమును విడిచి, తక్కిన చిత్రమునకు మఱుగు కట్టుట దాని పని. మఱుగున నున్నది చెక్కుచెదరదు. వెలుపల నున్నది మాత్రమే మాఱును. ఇది కంప్యూటరుతో పుట్టిన విద్య యని పలువురు తలంచుచున్నారు. దీని చరిత్ర అంతకంటె మిక్కిలి పాతది.

మన తెలుగునాట కలంకారీ పనివారు ఈ మర్మమును బహుకాలము క్రిందటనే యెఱిగియుండిరి. నీలిరంగు తగులరాని తావులందు కరగిన మైనమును పూసి, బట్టను నీలితొట్టిలో ముంచెడివారు. పిమ్మట వేడినీట మైనము కరగిపోగా, దాచిన తావు రంగంటక బయటపడెడిది. కాపాడుటకే ఆ మఱుగు.

ఛాయాచిత్రకళకు ఈ యవసరము వేఱొక కారణమున గలిగెను. పందొమ్మిదవ శతాబ్దిలో గాజుపలకలపై పూసిన రసాయనములు నీలికాంతికి త్వరగా లొంగెడివి. సముద్రమునకు చాలినంత వెలుగు పట్టులోపల ఆకాశము మితిమీఱి, మబ్బులు మాయమయ్యెడివి. ఫ్రాన్సు దేశీయుడగు గుస్తావ్ లె గ్రే 1856, 1857 సంవత్సరముల ప్రాంతమున ఆకాశమునకొకటి, సముద్రమునకొకటి నెగటివులు తీసి, ఒకదానిని అచ్చువేయునప్పుడు రెండవదాని తావును కప్పి, రెంటిని ఒకే కాగితముపై కూర్చెను. ఒడ్డున నిలిచిన వాని కన్ను మబ్బును అలను ఒక్కమాఱే చూడగలదు, చూడలేనిది యంత్రమే. ఆ లోటు తీర్చుట సత్యమునకు సేవయే. అయితే ఆయన ఒక్కొక్కప్పుడు ఒకే ఆకాశమును వేఱువేఱు సముద్రములకు జోడించెను. అక్కడ సత్యము కొంత సడలినది.

మన చలనచిత్రములందును ఈ విద్య రాణించెను. 1961లో వెలువడిన ‘సీతారామ కళ్యాణము’లో రావణుని పది తలలను చూపుటకు ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ మాస్కునే నమ్ముకొనెను. కటకమున కొంత కప్పి చిత్రించి, అదే ఫిల్మును వెనుకకు త్రిప్పి, తక్కిన భాగమునకు మరల వెలుగు చూపుట ఆ పద్ధతి. అది మాయ యని తెలిసియే జనులు ఆనందించిరి. కనుక నెవరును మోసపోలేదు.

1990లో అడోబీ సంస్థ వెలువరించిన ఫోటోషాపును నిర్మించిన తామస్, జాన్ నోల్ సోదరుల తండ్రి ఇంటిలోనే చీకటిగది నుంచుకొన్నవాడు. 1994లో ఆ సాధనమునకు పొరలు చేరెను. పొరకు తగిలించిన మాస్కునందు తెలుపు చూపును, నలుపు దాచును, బూడిదరంగు కొంత చూపి కొంత దాచును. మాస్కును తొలగించినచో మొదటి రూపము మరల కానవచ్చును.

ఇక మన యిండ్లలోని సంగతి. మా కొత్తపేటలోనేమి, కోనసీమలో మఱియే యూరనేమి, కొబ్బరితోట నీడలో నిలువబెట్టి తీసిన చిత్రమున వెనుకటి ఆకాశము తెల్లబడి, ముఖము నల్లబడును. ముఖమును విడిచి తక్కినదానికి మఱుగు కట్టి, కన్ను చూచినంత వెలుగు నా ముఖమున కిచ్చుట న్యాయము. కాని పెండ్లిసంబంధములకు పంపు చిత్రములందు ఆ విద్యయే చామనచాయను తుడిచి పాలరంగు పూయుచున్నది. చేతులను మఱచిన చోట ముఖమొకరిది, చేయి యొకరిది వలె నుండును. లె గ్రే చేసినది కన్ను చూచినదానిని కాగితమునకు తెచ్చుట. ఇది యే కన్నును చూడనిదానిని తెచ్చుట. పైగా రావణుని తలలవలె ఇది వినోదమును గాదు. ‘నీ రంగు దాచదగినది’ అని కన్నవారే పిల్లకు చెప్పిన మాట. పెండ్లిచూపులనాడు ఆ చిత్రమును చేతబట్టుకొని వచ్చినవారు మొగము చిట్లించినచో, ఆ యవమానమును భరించునది ఆ బాలికయే.

కావున కూతురి చిత్రమును తీయించు గృహస్థులు స్టూడియోవారితో ఒక్క మాట చెప్పవలెను: వెలుగును సరిచేయుడు, రంగును మార్చకుడు. ఉన్న రంగు చూచి వెనుదిరుగువారు చిత్రమునొద్దనే వెనుదిరుగుట పిల్లకు మేలు.