గుట్టల తరఫున ఒక దరఖాస్తు

బండలను కాపాడటానికి ఒక సంఘం ఉందంటే బొగ్గు గనుల మా గోలేటిలో ఇప్పటికీ నవ్వుతారు. సింగరేణిలో రాయి అంటే బొగ్గుకూ మనకూ మధ్య ఉన్న అడ్డు. ఓపెన్ కాస్టు గనిలో దానికి ఓబీ, అంటే ఓవర్‌బర్డెన్, అని పేరు. డ్రిల్లు వేస్తారు, మందు కూరతారు, సైరన్ మోగిస్తారు, ఎర్ర జెండా పట్టుకుని మనుషుల్నీ గొడ్లనీ దూరం తరుముతారు. మోత వినపడి, దుమ్ము దిగేలోపే షావెల్ కదులుతుంది. డంపర్లు మోసుకుపోయి పోసిన మట్టితో ఊరి పక్కన ఇంతకుముందు లేని గుట్ట లేస్తుంది. మా పక్కన కైరిగూడ గని వైపు వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అలాంటి చోటి నుంచి హైదరాబాద్‌లోని 'సొసైటీ టు సేవ్ రాక్స్' ముప్పై ఏళ్ల చరిత్ర రాయడం కొందరికి విడ్డూరంగా ఉండొచ్చు. రాయి ఎంత తేలిగ్గా పోతుందో మాకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

సొసైటీ 1996లో ఏర్పడింది. ఆ ఏడాదిని గుర్తుపెట్టుకోవాలి. మాదాపూర్ అప్పటికి ఊరి బయటే. రెండేళ్లకు, 1998 నవంబరులో, సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ రెండింటి మధ్యా, ఆ తర్వాతా పడమటి హైదరాబాద్ మొత్తం పేలుళ్ల మోతతో దద్దరిల్లింది. అంతకుముందు బండ కొట్టడం వడ్డెరల పని. పరుపు బండ మీద మంట పెట్టి పొర లేపేవారు, వరసగా గుంతలు తొలిచి చీలలు దిగ్గొట్టి నిలువునా చీల్చేవారు. ఒక గుండును ముక్కలు చేయడానికి రోజులు పట్టేది కాబట్టి గుట్టకు ఆయుష్షు ఉండేది. కంప్రెసరూ జిలెటినూ వచ్చాక ఆ ఆయుష్షు కాస్తా వారాల్లోకి వచ్చేసింది. ఖాజాగూడ గుట్టల్లాంటి చోట్ల ఇప్పటికీ కొన్ని గుండ్ల నడుము మీద ఆ చీలల గుంతలు కనపడతాయి, అరచేతి దూరంలో ఒకటి చొప్పున, కుట్టు వేసినట్టు. ఎవరో మొదలుపెట్టి ఎందుకో మానేసిన పని. గుంతల అంచుల్లో నాచు పట్టి ఉంటుంది.

చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, పర్యావరణం పట్టించుకునేవాళ్లు కలిసి కట్టిన సంఘం ఇది. దానికి దన్నుగా నిలిచిన పెద్దమనిషి నరేంద్ర లూథర్ గారు. ఐఏఎస్ అధికారిగా రాష్ట్ర ప్రధాన కార్యదర్శి దాకా ఎదిగి రిటైరయ్యారు, మహమ్మద్ కులీ కుతుబ్‌షా జీవిత చరిత్ర రాశారు. బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు స్థలంలో ఉన్న పెద్ద బండను తీసేయకుండా దాన్ని ఇంట్లోకే కలుపుకున్నారు. 2021 జనవరిలో కన్నుమూశారు. ఏళ్ల తరబడి కాగితాలు మోసిన మనిషి మాత్రం కార్యదర్శి ఫ్రౌకె ఖాదర్ గారు. జర్మనీలో పుట్టి హైదరాబాద్ కోడలై వచ్చిన ఆవిడ, ఇక్కడే పుట్టినవాళ్లు కంకరగా చూసినదాన్ని వారసత్వంగా చూపించారు. మనకది కాస్త సిగ్గుపడాల్సిన విషయమే.

ఇంట్లో బండను ఉంచుకునే అలవాటు లూథర్ గారితో మొదలైంది కాదు. బంజారాహిల్స్‌ను నివాస ప్రాంతంగా తీర్చిదిద్దిన మెహదీ నవాజ్ జంగ్ తన బంజారా భవన్‌ను బండలను ఆసరా చేసుకునే కట్టారు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ కొండల్లోనే బస చేశారు. మెహదీ నవాజ్ జంగ్ ఆ తర్వాత గుజరాత్ తొలి గవర్నరయ్యారు. ఇంకా వెనక్కి పోతే గోల్కొండ కోట గోడ నడిచిన దారి చూడండి. గుండు అడ్డొచ్చిన చోట గోడ ఆగి, ఆ గుండునే గోడగా వాడుకుని, అటు పక్క మళ్లీ మొదలవుతుంది. చార్మినార్‌కు పునాది పడకముందే ఈ నగరం బండతో కాపురం చేయడం నేర్చుకుంది. అందుకే బండలు పోతే హైదరాబాద్‌కు పోయేది అందం ఒక్కటే అనుకోలేం. నగరం ఎందుకక్కడ వెలిసిందో చెప్పే సాక్ష్యం పోతుంది. వాన నీరు గుట్ట మీద నిలవక జారి కిందనున్న చెరువులోకి చేరేది. గోల్కొండకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు అలా నిండిందే.

రాళ్ల వయసు గురించి రెండు ముక్కలు చెప్పాలి. మన గోదావరి లోయ బొగ్గు వయసు ముప్పై కోట్ల ఏళ్ల లోపే. హైదరాబాద్ గ్రానైటుది దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లను చూసి భూకంపమో దేవుడో విసిరేశారనుకుంటాం. నిజానికి అవి ఉన్నచోటే ఉన్నాయి. నేల లోపల ఉన్నప్పుడే పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు కరిగి, రాయి గుండ్రబడింది. పైమట్టి కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి. చెట్టు కొట్టేస్తే ఇంకోటి నాటొచ్చు, కూలిన మేడను పాత ఫొటో చూసి మళ్లీ కట్టొచ్చు. బండకు అలాంటి వీలు లేదు.

సొసైటీ చేసిన అసలు పని ఊరేగింపుల్లో కంటే జాబితాలో ఉంది. వారసత్వ కట్టడాల కోసం నగరాభివృద్ధి సంస్థ హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన 1995లో వచ్చింది. అందులో ఉన్నవన్నీ మేడలు, దేవిడీలు, దర్వాజాలు. గోడ లేనిదీ, కట్టినవాడు లేనిదీ వారసత్వం ఎలా అవుతుందని ఆఫీసుల్లో అడిగేవాళ్లను ఒప్పించి, తొమ్మిది రాతి స్థలాలను ఆ నిబంధన కిందికి చేర్పించారు. శిల్పారామంలో ఎలుగుబంటి మూతిలా ఉండే రాయి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని పుట్టగొడుగు బండ, మౌలాలి దగ్గరి కాపలా రాయి, హుసేన్ షావలీ దర్గా దగ్గరి బండలు, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు ఆ తొమ్మిదిలోవి. సర్కారు కాగితంలో పేరెక్కితే తప్ప వస్తువు ఉన్నట్టు కాదు. ఈ సంగతి భూసేకరణ నోటీసు అందుకున్న మా వైపు రైతునెవర్ని అడిగినా చెబుతాడు.

జాబితాలో పేరున్నంత మాత్రాన బతికిపోయాయనీ కాదు. దుర్గం చెరువు గుట్టలు ఇప్పుడు ఎక్కడున్నాయని వెతుక్కోవాలి. చెరువు చుట్టూ అద్దాల మేడలు, పైన 2020లో తెరిచిన తీగల వంతెన, ఫొటోలు దిగే జనం. వంతెన బాగానే ఉంది, కాదనను. దాని మీద నిలబడి చూస్తే మధ్యమధ్య మిగిలిన నాలుగు గుండ్లు, తోసేయడానికి వీలుకాక వదిలేసినట్టు ఉంటాయి. 2015 డిసెంబరులో ఆ 13వ నిబంధననే ప్రభుత్వం రద్దు చేసింది. ఇరవై ఏళ్లు తిరిగి సంపాదించింది ఒక్క జీవోతో పోయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది గానీ, మేడల వాళ్లకూ బండల వాళ్లకూ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కక తప్పలేదు.

ముప్పై ఏళ్ల సందర్భం కాబట్టి పొగిడి ఊరుకోవచ్చు. ఒక మాట మాత్రం అనాలి. సంఘం గొంతు ఎక్కువగా ఇంగ్లీషులోనే వినిపించింది, ఎక్కువగా జూబ్లీహిల్స్ వైపు నుంచే. బండ కొట్టి బతికిన వడ్డెరలను పిలిచి కూర్చోబెట్టి, మీ పొట్ట కొట్టకుండా ఇదెలా ఆగుతుందో చెప్పండని అడిగి ఉంటే ఉద్యమానికి వేరే బలం వచ్చేది. క్రషర్ యజమాని మీద పడాల్సిన కోపం చాలాసార్లు సుత్తి పట్టినవాడి మీద పడింది. ఇంకో సంగతి. ఏ జాబితా లేకుండానే నిలిచిన గుట్టలు చూస్తే చాలావాటి మీద దర్గానో గుడో ఉంటుంది. మౌలాలి గుట్ట అలా మిగిలిందే. ఖాజాగూడలో ఫకీరు గుహా ఉంది, దేవుడి గుడీ ఉంది. భక్తులు వందల ఏళ్లుగా ఉచితంగా చేస్తున్న కాపలా అది. సొసైటీ వాళ్లు ఈ మాటను ఒప్పుకుంటారనే అనుకుంటాను, నెలనెలా వాళ్లు జనాన్ని నడిపించే దారులు ఇలాంటి గుట్టల మీదుగానే పోతాయి.

ఆ నడకలే నా లెక్కలో వాళ్ల రెండో పెద్ద పని. నెలకొక ఆదివారం పిల్లల్నీ పెద్దల్నీ గుట్టల్లోకి తీసుకుపోవడం అంటే తేలిగ్గా కనిపిస్తుంది. దరఖాస్తు పెట్టేవాడు ముసలివాడైపోతాడు, ఫైలు చూసే ఆఫీసరు బదిలీ అయిపోతాడు. చిన్నప్పుడు ఆ గుండెక్కి మోకాలు గీసుకున్న పిల్లవాడు ఇంకో ముప్పై ఏళ్లుంటాడు. 2025 మార్చి చివర సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు వాటికి ఎదురుపోయింది విద్యార్థులే. చెట్లతో పాటు, నెమళ్లతో పాటు బండల పేరు కూడా వాళ్ల నోట వినబడింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ విజయం సొసైటీ ఒక్కదానిదని ఎవరూ అనరు. ముప్పై ఏళ్ల కింద అయితే అలాంటి నిరసనలో బండ అనే మాట వినబడేది కాదని మాత్రం అనొచ్చు.

ఇక మన వైపు సంగతి. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిన జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్, ప్రాణహిత గోదావరి లోయ రాళ్లన్నిటినీ వివరిస్తూ గ్రంథమే రాశాడు. ఆ లోయలోనే, మనకు పక్కనున్న వేమనపల్లి మండలం యామన్‌పల్లిలో రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని ఊరి పేరుతోనే శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. దాని అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. బొగ్గుతో పాటు మా చరిత్ర కూడా రైలెక్కిందన్నమాట. ఎముకలు పోయినా అవి దొరికిన నేల అక్కడే ఉంది. సొసైటీ మొదట చేసింది కెమెరా, సర్వే నంబరు పట్టుకుని తిరగడం. ఆ పని మన దగ్గరా మొదలుపెట్టొచ్చు. కోల్‌బెల్టులో రిటైరైన సర్వేయర్లూ ఓవర్‌మన్లూ బోలెడుమంది. మ్యాపు చదవడం వాళ్లకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు.