క్యాడ్ డేటా లోడింగ్

క్యాడ్ డేటా లోడింగ్ అనగా కంప్యూటరు సహాయంతో రూపొందించిన డిజైను ఫైళ్ళను, వాటి మధ్యగల లింకులు చెడకుండా, డేటా నిర్వహణ వ్యవస్థలోకి చేర్చే ప్రక్రియ. యంత్రాలు, వాహనాలు, భవనాలు రూపొందించే సంస్థలు మామూలు ఫోల్డర్ల పద్ధతి నుండి ఇటువంటి వ్యవస్థకు మారునపుడు ఈ పని తప్పనిసరి అవుతుంది. ఆటోడెస్క్ వాల్ట్, సాలిడ్‌వర్క్స్ పీడీఎం, సీమెన్స్ వారి టీమ్‌సెంటర్ ఈ రకపు వ్యవస్థలలో పేరొందినవి. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా ఆటోడెస్క్ ఇన్వెంటర్, వాల్ట్‌లకు సంబంధించినవి.

లింకుల స్వభావం

వర్డ్‌లో వ్రాసిన ఉత్తరం ఒక్క ఫైలుతోనే సంపూర్ణం. క్యాడ్ ఫైలు అలా కాదు. ఒక నీటి పంపును తీసుకుంటే ఇంపెల్లరు, షాఫ్టు, కేసింగు ఒక్కొక్కటి ఒక్కొక్క భాగపు ఫైలు (ఐపీటీ). వీటిని కూర్చిన అసెంబ్లీ ఫైలులో (ఐఏఎం) ప్రధానంగా ఉండేది ఏ భాగపు ఫైలు ఎక్కడ ఉంది, ఏ స్థానంలో ఏ కొలతకు అమరింది అను సమాచారమే. కార్ఖానాకు పంపే డ్రాయింగు ఫైలు (ఐడీడబ్ల్యూ) మరల ఈ రెండింటిపై ఆధారపడుతుంది.

ఈ లింకులు ఒకే దిశలో ఉంటాయి. అసెంబ్లీ తన భాగాలను ఎరుగును, భాగము తన అసెంబ్లీని ఎరుగదు. అదే విధంగా డ్రాయింగు నమూనాను ఎరుగును గాని నమూనాకు తన డ్రాయింగు సంగతి తెలియదు. అందువలన అసెంబ్లీని, దాని క్రింది భాగాలను మాత్రమే చేర్చినచో డ్రాయింగులన్నీ పాత ఫోల్డరులోనే మిగిలిపోతాయి. తరువాత షాఫ్టు వ్యాసం మారినా, పాత డ్రాయింగును చూసి లేతు మీద పాత కొలతకే షాఫ్టు తయారయ్యే ప్రమాదం ఉంది.

ఆటోక్యాడ్‌లో ఒక డ్రాయింగు మరొక డ్రాయింగును బాహ్య సూచికగా పిలుచుకుంటుంది (వాడుకలో ఎక్స్‌రెఫ్). ఆటోక్యాడ్ 2018కి ముందు ఈ లింకు అప్రమేయంగా డ్రైవు పేరుతో సహా పూర్తి చిరునామాతో భద్రమయ్యేది. ఫోల్డరు స్థానం మారగానే లింకు తెగిపోయేది. 2018 సంచిక నుండి సాపేక్ష చిరునామా అప్రమేయమైనది.

కాపీ చేసినంత మాత్రాన చాలదు

వాల్ట్ ఫైళ్ళను ఒక చోట, వాటి సంచికలు, సంబంధాల వివరాలను మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వరు డేటాబేసులో మరొక చోట ఉంచుతుంది. ఇన్వెంటర్ ఫైళ్ళను లాగి వాల్ట్ కిటికీలో వదిలినచో ఫైళ్ళు చేరతాయి, సంబంధాలు చేరవు. "ఈ బోల్టు ఎక్కడెక్కడ వాడబడింది" అని అడిగితే జాబితా ఖాళీగా వస్తుంది. బోల్టును మార్చవచ్చునని ఇంజనీరు భావించేది ఆ ఖాళీ జాబితాను చూసియే. కనుక లోడింగు ఇన్వెంటర్‌లోని వాల్ట్ యాడ్-ఇన్ ద్వారా గాని, ఆటోలోడర్ అను సాధనం ద్వారా గాని జరగాలి. ఇవి ఫైలు లోపలి లింకులను చదివి డేటాబేసులో నమోదు చేస్తాయి.

ముందస్తు సన్నాహం

ఈ పనిలో అధిక శ్రమ లోడింగుకు ముందే ఉంటుంది. ఇన్వెంటర్‌లో ఫైళ్ళను ఎక్కడ వెతకాలో ప్రాజెక్టు ఫైలు (ఐపీజే) చెబుతుంది. సంవత్సరాల తరబడి ఒక్కొక్క డిజైనరు ఒక్కొక్క ప్రాజెక్టు ఫైలు వాడిన చోట, ముందుగా అన్నిటినీ ఒకే ప్రాజెక్టు ఫైలు క్రిందకు తేవాలి. ఆ తరువాత ప్రతి ప్రధాన అసెంబ్లీని తెరచి, దొరకని ఫైళ్ళను సరిచేసి, భద్రపరచాలి. పాత సంచికలో చేసిన ఫైళ్ళను టాస్క్ షెడ్యూలర్ సహాయంతో వాడుకలోని సంచికకు మార్చుట మంచిది.

అన్నిటికంటె చిక్కైనది ఒకే పేరుగల ఫైళ్ళ సమస్య. ఒక బ్రాకెట్టు ఫైలును కాపీ చేసి, పేరు మార్చకుండా, రెండు ఫోల్డర్లలో వేర్వేరుగా సవరించారనుకుందాం. ఇన్వెంటర్ ఒకదానికి బదులు రెండవదానిని తెరిచే అవకాశం కలదు. దొరకని ఫైలైతే కనీసం హెచ్చరిక వస్తుంది, ఇక్కడ అదీ రాకపోవచ్చు. వాల్ట్‌లో ఫైలు పేర్లు పునరావృతం కాకుండా నిర్బంధించే సదుపాయం ఉంది. దానిని లోడింగుకు ముందే అమలు చేయాలి.

బోల్టులు, నట్లు వంటి ప్రామాణిక భాగాలను లైబ్రరీ ఫోల్డరులో విడిగా ఉంచుతారు.

లోడింగు క్రమం

లోడింగు క్రింది నుండి పైకి సాగాలి: మొదట భాగాలు, పిదప ఉప-అసెంబ్లీలు, ప్రధాన అసెంబ్లీ, చివరకు డ్రాయింగులు. సాధనాలు ఈ క్రమాన్ని తామే కనుగొంటాయి. అయితే ఒక ఫైలు రెండవదానిపై, రెండవది తిరిగి మొదటిదానిపై ఆధారపడినచో ఏది ముందో తేల్చుట సాధ్యం కాదు. అటువంటి వలయాన్ని డిజైనరే విడదీయాలి.

ఎయిర్‌బస్ ఏ380 ఉదంతం

ఒక్కొక్క విమానంలో 500 కి.మీ.కు పైగా విద్యుత్ తీగలు గల ఏ380 తయారీలో, హాంబర్గు కేంద్రం కాటియా 4వ సంచికను, తులూజ్ కేంద్రం 5వ సంచికను వాడాయి. రెండింటి మధ్య డిజైను సమాచారం సరిగా బదిలీ కాకపోవుట తీగల అమరికలో ఇబ్బందులకు ఒక ప్రధాన కారణమైంది. 2006లో సంస్థ పలుమార్లు జాప్యాన్ని ప్రకటించింది. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 2007 అక్టోబరులో అందింది. ఇది లింకులు తెగిన ఉదంతం కాదు. ఒక వ్యవస్థలోని డేటా మరొకదానికి పూర్తి అర్థంతో చేరకపోవుటకు ఉదాహరణ.

పరీక్ష

లోడింగు పూర్తయిన పిదప పాత ఫోల్డర్లను వెంటనే తొలగించరు. ఎవరూ మార్చలేని విధంగా కొంతకాలం ఉంచుతారు. పరీక్షను ఆ ఫోల్డర్లు కనబడని వేరొక కంప్యూటరులో చేయాలి. లేనియెడల వ్యవస్థలో లేని భాగాన్ని ఇన్వెంటర్ పాత చోటు నుండి తెచ్చుకొని, అంతా సవ్యంగా ఉన్నట్లు చూపవచ్చును.