పోస్ట్‌డాక్ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఎక్కడ?

పీహెచ్‌డీ తర్వాత ఒక ప్రొఫెసర్ దగ్గర నిర్ణీత కాలం చేసే పరిశోధన ఉద్యోగమే పోస్ట్‌డాక్. 2019 నాటి చట్టం కింద కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక పోస్టుల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రాజెక్టు నిధులతో తీసుకునే పోస్ట్‌డాక్‌లు ఆ కేడర్‌లోకి రావు. ఎంపిక చాలావరకు ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్ చేతిలోనే ఉంటుంది.

కానీ ఐఐటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1కు పీహెచ్‌డీ కాలం కాక 3 ఏళ్ల అనుభవం ఉండాలి. సైన్స్, ఇంజినీరింగ్‌లో చాలామందికి అది పోస్ట్‌డాక్‌తోనే వస్తుంది. అక్కడే అవకాశం దక్కకపోతే, రిజర్వుడు పోస్టు వచ్చినప్పుడు 'తగిన అభ్యర్థి లేరు' అనడం తేలిక.

జాతీయ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. వయసు సడలించినంత మాత్రాన సీటు రాదు. పోస్ట్‌డాక్‌లలో ఎస్సీ, ఎస్టీలు ఎందరో ప్రతి విశ్వవిద్యాలయం ఏటా ప్రకటించాలని మేము అడుగుతున్నాం.