శీలం, ధారణ: హదీసు ఉల్లేఖకుల విశ్వసనీయతా నిర్ణయం

హదీసులో రెండు భాగాలుంటాయి. ప్రవక్త ముహమ్మద్ మాటను గాని, చేతను గాని తెలిపే పాఠం 'మత్న్'. దానిని ఎవరి నుంచి ఎవరు విన్నారో వరుసగా చెప్పే పేర్ల పరంపర 'ఇస్నాద్'. ప్రవక్త మరణం (సా.శ. 632) తర్వాత రెండు శతాబ్దాలలో ఈ పరంపరలు మదీనా నుంచి కూఫా, బస్రా, డమాస్కస్, ఈజిప్టుల దాకా విస్తరించాయి. రాజకీయ, మత వర్గాల సంఘర్షణలో కల్పిత హదీసులూ పుట్టాయి. అందువల్ల పరంపరలోని ప్రతి వ్యక్తినీ పరీక్షించే 'జర్హ్ వ తాదీల్' అనే శాస్త్రం రూపొందింది. దోషనిరూపణ, యోగ్యతానిరూపణ అని ఆ పేరుకు భావం.

ఈ పరీక్షలో భక్తిపరత్వమే గీటురాయి అయి ఉంటుందనిపించవచ్చు. ఆధారాలు అందుకు భిన్నంగా ఉన్నాయి. విమర్శకులు ఉల్లేఖకునిలో రెండు లక్షణాలను వేరువేరుగా చూశారు. మొదటిది 'అదాలత్', అంటే శీలం. రెండవది 'జబ్త్', అంటే విన్నదానిని జ్ఞాపకంలోనో రాతలోనో చెదరకుండా నిలుపుకొనే ధారణ. శీలం ఉన్నా ధారణ లోపించిన వారి ఉల్లేఖనాన్ని ప్రమాణంగా గ్రహించలేదు. మదీనాలో తాను ఎరిగిన నూరుగురు నమ్మకస్థులే అయినా, ఈ విద్యకు తగినవారు కారని వారి నుంచి హదీసులు గ్రహించేవారు కారన్న అబుజ్జినాద్ మాటను ఇమామ్ ముస్లిం (మ. 875) తన 'సహీహ్' పీఠికలో నమోదు చేశారు.

ధారణను నిర్ణయించే సాధనం పోలిక. ఒకే గురువు వద్ద విన్న శిష్యుల పాఠాలను పక్కపక్కన ఉంచి చూసేవారు. గట్టి ధారణ గల వారి పాఠాలతో ఒక శిష్యుని పాఠం తరచూ విభేదిస్తే అతని ఉల్లేఖనాన్ని విడిచిపెట్టేవారు.

ఈజిప్టు న్యాయమూర్తి అబ్దుల్లా ఇబ్న్ లహీఆ (మ. 790) ఇందుకు మంచి నిదర్శనం. ఆయన పుస్తకాలు కాలిపోయిన తర్వాత ఉల్లేఖనలు తారుమారయ్యాయని పలువురు విమర్శకులు భావించారు. అంతకుముందు కూడా ఆయన బలహీనుడేనన్న వారూ ఉన్నారు. ఇబ్న్ హజర్ (మ. 1449) తన 'తఖ్రీబుత్ తహ్జీబ్'లో ఆయనను సత్యసంధునిగానే పేర్కొన్నారు. అయితే పుస్తకాలు కాలిన తర్వాత ఆయన తడబడ్డారనీ, ఇబ్న్ ముబారక్, ఇబ్న్ వహబ్ అనే శిష్యుల ద్వారా వచ్చినవి ఇతరుల వాటికంటే మేలైనవనీ వివరించారు. ఇక్కడ తీర్పు వ్యక్తి మొత్తానికి వర్తించలేదు. అతని జీవితంలోని దశలను బట్టి, విన్న శిష్యులను బట్టి మారింది.

ఈ పనిలో ఒక నైతిక సంకటం ఉంది. పరోక్షనింద ఇస్లాంలో పాపం. అయినా ధర్మాధర్మాలను నిర్ణయించే హదీసుల విషయంలో ఉల్లేఖకుని దోషాన్ని దాచడమే పెద్ద తప్పని ముస్లిం వాదించారు. బస్రా విమర్శకుడు అలీ ఇబ్న్ మదీనీ (మ. 849) తన తండ్రినే బలహీన ఉల్లేఖకుడని ప్రకటించినట్లు జీవితచరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. బంధుత్వం, భక్తి రెండూ ఆ తీర్పుకు అడ్డు రాలేదు.

ఇటువంటి తీర్పులను క్రోడీకరించిన ఇబ్న్ అబీ హాతిం (మ. 938) బృహద్గ్రంథం 'అల్ జర్హ్ వత్ తాదీల్'ను హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించింది. మౌఖిక పరంపరల ప్రామాణ్యాన్ని విచారించే తెలుగు పరిశోధకులకు అందులో ఉపయోగపడే సూత్రం ఒకటుంది. చెప్పినవాడు మంచివాడా అన్న ప్రశ్నకు జవాబు దొరికినా, అతడు విన్నది విన్నట్లు చెప్పాడా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.