అంబాసిడర్, మారుతి 800: చోదకచక్రముల భేదము

పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారమున ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును అనుసరించి హిందుస్థాన్ మోటార్స్ వారు నిర్మించిన అంబాసిడరును, సుజుకీ సంస్థ సహకారముతో 1983 డిసెంబరు 14న గుర్‌గావ్ కర్మాగారమునుండి వెలువడిన మారుతి 800ను, నిజామాబాదు, బోధన్, సిరికొండ ప్రాంతముల జనులు చిరకాలము ఒకే త్రోవలపై నడిపిరి. ఆకారమునందలి భేదము చూచినంతనే తెలియును. ఇంజను శక్తి ఏ చక్రములకు చేరుచున్నదనునదియే ఈ రెంటి స్వభావమును నిర్ణయించిన మూలభేదము.

అంబాసిడరున ఇంజను ముందుభాగమున పొడవునకు అమర్పబడియుండును. దాని శక్తి గేరుబాక్సునుండి బండి అడుగున సాగిన జాయింటు రాడ్డు ద్వారా వెనుకకు పోయి, అచ్చట క్రౌను, పినియను అను పండ్లచక్రములచే అడ్డముగా మరలి, వెనుక చక్రములను త్రిప్పును. బరువైన ఈ వెనుక యిరుసు కమాను పట్టీలపై నిలుచును. పెండ్లివారు ముందు సీటుననే ముగ్గురు సర్దుకొని, డిక్కీని సామానుతో నింపి ఇందల్వాయి ఘాటు ఎక్కునపుడు ఆ భారమంతయు వెనుకకు ఒరగి, త్రోయుచున్న చక్రములనే నేలకు అదుముటచే అవి పట్టు తప్పవు. నిండు బండికి ఇంతకు మించిన అమరిక లేదని చెప్పవచ్చును.

మారుతిలో 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను అడ్డముగా నుండి, గేరుబాక్సుతో కలిసి ముందు చక్రముల నడుమనే ఇమిడిపోయినది. పొడవైన రాడ్డుగాని, బరువైన వెనుక హౌసింగుగాని లేకపోవుటచే బండి మిక్కిలి తేలికయైనది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారమునకు చెరకు మోయు బండ్లు త్రొక్కిన బోధన్ రేగడి బాటలు వానకు జిగటయైనపుడు, ఒంటరివాడు నడుపు అంబాసిడరు వెనుక తేలికయై, చక్రములు ఉన్నచోటనే తిరుగుచు ప్రక్కకు జారును. మారుతియో, ఇంజను బరువే చోదకచక్రములపై నుండుటచే, ముందునకు లాగుకొని పోవును. అయితే గాడి లోతైనచో దాని చిన్న చక్రములు చాలవు. నిండు భారముతో నిటారైన ఎత్తు ఎక్కునపుడు ముందుభాగము తేలి చక్రములు జారుటయు కలదు.

మరమ్మతులందును ఈ భేదమే కానవచ్చును. జాయింటు రాడ్డు చివరనుండు క్రాసు అను కీలు అరిగిన అంబాసిడరు గేరు వేసినంతనే ఠంగున మ్రోగును. మారుతిలో ముందు ఇరుసు చివరనున్న రబ్బరు తొడుగు చిరిగినచో దుమ్ము లోపలికి చేరి గ్రీజు చెడి, స్టీరింగు పూర్తిగా త్రిప్పి కదలించినపుడు టకటకమను చప్పుడు పుట్టును.

రెండింటి ఉత్పత్తియు 2014లోనే నిలిచిపోయినది. నేడు వీనిలో నొకదానిని కొనదలచినవారు రంగును, సీట్లను చూచుటకు ముందు క్రింద పరుండి, అంబాసిడరైనచో రాడ్డు క్రాసులను చేతితో కదిపియు, మారుతియైనచో రబ్బరు తొడుగులను వెలుతురులో పరీక్షించియు బేరమాడవలెను.