ఒకే వారాంతం, రెండు తెరలు

1987 జనవరి 25, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. తారీఖు గుర్తులేకపోయినా, మనలో నలభై అయిదు దాటినవారికి ఆ వేళ గుర్తుంటుంది. దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' మొదలైంది ఆ రోజే. వీధికి ఒకటో రెండో టీవీలు. ఆ ఇంటి గడప బయట చెప్పుల కుప్ప, లోపల చాపల మీద సగం వీధి. హిందీ రాకపోయినా కథ తెలుసు కదా!

సరిగ్గా దానికి ముందురోజు, మనం ఇప్పుడుంటున్న కమ్మింగ్ అమెరికా టీవీలకెక్కింది. 1912లో ఫోర్సైత్ కౌంటీ నుంచి సుమారు వెయ్యిమంది నల్లజాతివారిని తరిమేశారు. తర్వాత డెబ్భై ఏళ్లకు పైగా ఇది దాదాపు తెల్లవారి కౌంటీయే. 1987 జనవరి 17న ఇక్కడ శాంతియాత్ర చేసినవారిపై రాళ్లు, సీసాలు విసిరారు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. 24న ఇరవై వేలమంది దాకా కవాతుకు తరలివచ్చారు. ఫిబ్రవరిలో ఓప్రా విన్‌ఫ్రీ కూడా వచ్చి, స్థానికులను కూర్చోబెట్టి మాట్లాడించింది.

మన తెలుగు టీవీ కథ మొదట్లోనూ అమెరికా ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరందరికీ ఒకటే పెట్టె. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్, 1995లో ఈటీవీ, మరుసటేడు బాలుగారి 'పాడుతా తీయగా' వచ్చాయి.

ఉన్నది ఒకటే ఛానెల్ కావడంతో అందరం అదే చూశాం. అందుకే ఇక్కడ పార్కులో కొత్తగా పరిచయమైన ఇద్దరు తెలుగువారు 'చిత్రలహరి' మాటెత్తితే చాలు, పది నిమిషాల్లో చుట్టాలైపోతారు. మన పిల్లలకు ఎవరి తెర వారిది. వాళ్లకు అలాంటి ఉమ్మడి జ్ఞాపకం ఏదో చూడాలి.

అయితే ఆ రోజుల్ని మరీ తీపి చేసుకోవద్దు. మన ఊళ్లలోనూ కులం చూసి కొందరిని గడప దాటనివ్వలేదు. వాళ్లు కిటికీ పట్టుకునే సీరియల్ చూశారు. కమ్మింగ్‌లో కొన్ని దశాబ్దాలు మూసి ఉంచిన తలుపు కూడా అలాంటిదే. రాళ్లకు వెరవక నడిచినవారు దాన్ని నెట్టబట్టే మనం ఇక్కడ ఇళ్లు కొనుక్కున్నాం.

పిల్లలకు రామాయణం ఎలాగూ చెబుతాం. ఆ ముందురోజు కథ కూడా చెబుదాం.